దించిన శృతి

ఆదివారం సాయంత్రం అయిదయ్యేసరికి ఓదెలు పాటల కీబోర్డును సంచిలోంచి తీసి పాఠాలు చెప్పే బల్ల మీద పెట్టాడు. అమీర్‌పేటలో ఆ మూడో అంతస్తు గదిలో వారం పొడుగునా కంప్యూటరు క్లాసులే. ఆదివారం మధ్యాహ్నం ఆఖరి బ్యాచ్ దిగిపోయాక, సోమవారం పొద్దున ఏడింటి బ్యాచ్ ఎక్కేదాకా గది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోనే ఓదెలు వాళ్ళ నలుగురి పాటలు. బోర్డు మీద గళ్ళూ బాణాలూ గీసి ఉన్నాయి. దాన్ని ఎవరూ తుడవరు. తుడిస్తే తెల్లారి పాఠం చెప్పే కృష్ణమోహన్ సారే మళ్ళీ గీసుకోవాలి.

ఓదెలు వైరు గుచ్చి, స్విచ్చి వేసి, ఒకసారి తలుపు వైపు చూశాడు. ఎడమ పక్కనున్న చిన్న బటన్‌ను బొటనవేలితో మూడుసార్లు నొక్కాడు. వెలుగుతున్న చిన్న అద్దంలో సున్నా పోయి, అడ్డగీత పక్కన మూడు అంకె వచ్చింది. జేబులోంచి చేతిరుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి దాని మీద కప్పాడు.

ఆ బటన్ నొక్కాక వేళ్ళు ఎప్పటి చోటే ఆడతాయి, పలుకు మాత్రం మూడు మెట్లు కిందికి దిగుతుంది. నాలుగు శృతి పాట మూడు, రెండున్నర మీదుగా రెండు శృతికి వస్తుంది. చూసేవాళ్ళకు తేడా తెలియదు.

కిటికీ దగ్గర కేదార్ గిటారు తీగలు వదులు చేస్తున్నాడు. వాడు పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాడు.

"మూడేనా అన్నా?" అన్నాడు.

"మూడే. గీ వారం గట్లనే ఉండనీ."

"మూడంటే నాకు చచ్చే చావు," అంది భావన. ఆమె కేదార్ ఆఫీసులోనే పని చేస్తుంది, జంటపాటల్లో ఆడగొంతు ఆమెది. "నా చరణం వచ్చినప్పుడు నాకు నేనే మా తాతయ్యలా వినిపిస్తున్నా."

"తాత లెక్క పాడినా మంచిగనే పాడుతున్నవు బిడ్డా. జర ఓర్సుకో."

నిరుడు బోనాలప్పుడు మొదలైంది ఇది. చరణంలో కృష్ణమోహన్ సారు గొంతు చీలింది. మొహం చిన్నబోయింది. మరుసటి వారం ఓదెలు ఎవరికీ చెప్పకుండా ఒక్క మెట్టు దించాడు. సారు పాట పూర్తిచేసి, "చూశావా ఓదెలన్నా, జలుబు తగ్గిపోయింది!" అని పసిపిల్లవాడిలా నవ్వాడు. ఆ నవ్వుకు ఓదెలు లొంగిపోయాడు. గిటారు కలవడం లేదని కేదార్ పట్టేశాడు, వాడికి చెప్పక తప్పలేదు. వాడు భావనకు చెప్పాడు. తర్వాత రెండో మెట్టు, మూడో మెట్టు ముగ్గురూ కలిసే దించారు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ముగ్గురూ మాట ఆపేశారు.

కృష్ణమోహన్ లోపలికొచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, చొక్కా చేతుల మీద మార్కరు మరకలు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా నాలుగు బ్యాచ్‌లు, బ్యాచ్‌కు నూట యాభై మంది. పక్కగది వాళ్ళకు ఇబ్బందని ఇన్‌స్టిట్యూట్ యజమాని మైకు తీయించాడు. నడుమ ఉన్నది చెక్క గోడ. అవతల జావా సారు గొంతు పెంచితే ఇవతల ఈయన పెంచాలి.

"నా నాలుగు ఇవ్వు ఓదెలన్నా," అని కళ్ళు మూసుకున్నాడు.

ప్రతి వారం అంతే. పాటకు ముందు శృతి అడగడం, దాని మీద గొంతు ఆనించి ఒక నిమిషం నిలబడడం. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఓదెలు ఏ శృతి పట్టి ఇస్తే అదే ఆయనకు నాలుగు. ఓదెలు రెండు పట్టి ఇచ్చాడు. సారు నిండుగా పాడాడు. పల్లవిలో నేల మీద నడిచి, చరణంలో ఒక్కసారిగా పైకి లేచే పాట అది. పైన నిలిచే చోట మెడనరాలు ఉబ్బాయి కాని గొంతు నిలిచింది. భావన తన వంతు అడుగు స్వరాలు మింగుకుంటూ పాడింది.

పాట అయ్యాక కృష్ణమోహన్ సంచిలోంచి ఒక సీడీ తీసి గాలిలో ఊపాడు.

"ఏంటో చెప్పుకోండి."

"లడ్డూలు కావు, అంతవరకు తెలిసింది," అంది భావన.

"నా పాత స్టూడెంట్ ఒకడు హైటెక్ సిటీలో మేనేజరయ్యాడమ్మా. శనివారం వాళ్ళ కంపెనీ ఫ్యామిలీ డే, బంజారా హిల్స్‌లో. ఎనిమిది వందల మంది వస్తారట. మన రెండు పాటలు పాడమన్నాడు. స్టేజీ మీద వాయిద్యాలకు చోటు లేదట, ట్రాకు మీదే పాడాలి. మీరు మొదటి వరుసలో కూర్చోండి. ఇదిగో, ట్రాకు సీడీ కోఠీలో కొనుక్కొచ్చా. అచ్చం ఒరిజినల్, అదే శృతి. మన నాలుగే!"

కేదార్ గిటారు కేసి చూశాడు. భావన ఓదెలు కేసి చూసింది. ఓదెలు చేతిరుమాలు కేసి చూశాడు.

"ఏంటర్రా, సంతోషపడరేంటి? మీకు స్టేజీ లేదనా?"

"ఛ, అదేం లేదు సారూ," అన్నాడు ఓదెలు. "మస్తు సంతోషం."

సారు గొంతు నాలుగు శృతిని తాకి పద్నాలుగు నెలలైంది. ఎనిమిది వందల మంది ముందు చరణం పైకి లేస్తే ఏమవుతుందో ఆ గదిలో ముగ్గురికి తెలుసు.

*

మరునాడు భోజనాల వేళ కేదార్ ఓదెలు దుకాణానికి వచ్చాడు. అమీర్‌పేట సందులో, హాస్టళ్ళ వెనకాల, రెండు బల్లలు పట్టేంత దుకాణం. హార్మోనియంలు, ఆంప్లిఫయర్లు, కీబోర్డులు బాగు చేస్తాడు ఓదెలు.

"ఫికర్ పడకన్నా. అదే సీడీ ఇంకోటి కొని, ట్రాకును నా సిస్టమ్‌లో మూడు మెట్లు దించేస్తా. వేగం మారదు. ఆ సీడీ మీద కవరెలా ఉందో అలాంటి కవరు వేసి శనివారం మార్చేద్దాం."

"సారు పట్టుకుంటడేమో?"

"ఇన్నాళ్ళు పట్టుకున్నారా?"

ఓదెలు అన్నం డబ్బా మూత తీశాడు. ఆ పూట ఆకలి వేసింది, తిన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఒక కీబోర్డు విప్పి కూర్చున్నాడు. ఎవరో మెకానిక్కు మెట్ల కింద రబ్బరు తుడవకుండా కాగితం మడిచి దూర్చాడు. పైకి పలుకుతోంది. లోపల నల్లగా మకిలి పట్టింది. "గిదేం పనిరా, గాడిద కొడకా," అని కనపడని మెకానిక్కును తిట్టుకుంటూ, స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క రబ్బరు తుడుస్తున్నాడు. వాకిట్లో నీడ పడింది.

కృష్ణమోహన్ నిలబడి ఉన్నాడు. ఈ వేళప్పుడు ఆయన క్లాసులో ఉండాలి. స్టూలు లాక్కుని కూర్చుని, చాలాసేపు బల్ల మీది స్క్రూలను వరసగా పేర్చాడు.

"ఓదెలన్నా, నా గొంతు పోయింది."

మాట బొంగురుగా ఉంది. అది ఏడాదిగా ఉన్న బొంగురే.

"సోమవారం ఇంట్లో ట్రాకు పెట్టుకుని పాడాను. చరణం అందలేదు. అలసటనుకున్నా. నిన్న మళ్ళీ పాడాను. అసలు గాలి తప్ప ఏమీ రాలేదు. ఆదివారం నీ ముందే కదా పాడింది? పైన నిలబడ్డానా లేదా?"

"నిలబడ్డరు సారూ."

"మరి మూడు రోజుల్లో ఏమైందన్నా? మనిషి గొంతు మూడు రోజుల్లో పోతుందా? మా కమల భయపడుతుందని ఇంట్లో చెప్పలేదు. రాత్రంతా కూర్చుని ఆలోచించా. ఏం తిన్నాను, ఏం తాగాను అని. నాకేదో పెద్ద జబ్బే వచ్చుంటుంది. అంతే కదా?"

చెప్పాల్సిన మాట ఓదెలు నాలుక మీదికి వచ్చింది. సారు కళ్ళకింద నలుపు చూశాడు. పేర్చిన స్క్రూలనే చెరిపి మళ్ళీ పేర్చడం చూశాడు. ఇప్పుడు చెబితే భయం పోతుంది. భయంతోపాటు పద్నాలుగు నెలల ఆదివారాలన్నీ పోతాయి.

"రేపు దవాఖానకు పోదాం సారూ," అన్నాడు. "నేను సుత వస్త."

సారు అతని చెయ్యి పట్టుకుని నొక్కి, లేచి వెళ్ళాడు. ఓదెలు దూది తీసుకున్నాడు. ఏ రబ్బరు దాకా తుడిచాడో గుర్తు రాలేదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

*

పంజాగుట్టలో పెద్దాసుపత్రి. గొంతు డాక్టరు గది ముందు రెండు గంటలు కూర్చున్నారు. సారు సీడీ సంచిలోనే పెట్టుకుని వచ్చాడు. ఈ పూట మందిస్తే శనివారానికి నయమవుతుందన్న ఆశ.

లోపల డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"మూడు రోజులండి. సోమవారం నుంచి."

"అంతకు ముందు పైస్థాయిలో ఇబ్బంది?"

"ఏమీ లేదండి. ప్రతి ఆదివారం నాలుగు శృతికి పాడతాను. కావాలంటే ఈయన్ని అడగండి. ఆరేళ్ళుగా నాకు శృతి ఇచ్చేది ఈయనే."

డాక్టరమ్మ ఓదెలు వైపు చూడలేదు. మూడు రోజులు అని రాసుకుంది. "గట్టిగా అరిచే పనా? టీచింగా? మూడు రోజులే అంటున్నారు కాబట్టి వాపు అయ్యుంటుంది. వారం మందులు రాస్తాను, తగ్గకపోతే అప్పుడు లోపల చూద్దాం."

కలం మందుల చీటీ మీదికి వెళ్ళింది. ఒక పేరు రాసింది. రెండో పేరు రాస్తోంది. సారు ఊపిరి వదిలి, వారమేనట అన్నట్టు ఓదెలు కేసి తిరిగి నవ్వాడు.

"పద్నాలుగు నెలలు డాక్టరమ్మా," అన్నాడు ఓదెలు.

కలం ఆగింది.

"మూడు దినాలు కాదు. నిరుడు బోనాలప్పుడు ఒక మెట్టు దించిన. చలికాలంల రెండోది. ఉగాది ఎల్లినంక మూడోది. సారుకు తెల్వదు. సారు నాలుగు అనుకుంట పాడేది రెండు. నేనే దించిన. బటన్ ఉంటది."

"ఏంటి ఓదెలన్నా," అని కృష్ణమోహన్ నవ్వబోయాడు. "ఏం మాట్లాడుతున్నావ్?"

ఓదెలు తల ఎత్తలేదు. సారు చెయ్యి మోకాలి మీద ఉంది. పాఠం చెప్పేటప్పుడు లెక్క వేసినట్టు ఒక్కొక్క వేలే మడుస్తోంది. నాలుగు, మూడు, రెండున్నర, రెండు. మూడు వేళ్ళు మడిచి, ఆ చేతిని అలాగే ఉంచుకున్నాడు.

డాక్టరమ్మ రాసిన చీటీ చింపి బుట్టలో వేసింది. సన్నటి గొట్టం పెట్టి లోపల చూసింది. పక్కనున్న తెర మీద తెల్లటి రెండు పొరలు కనిపించాయి. వాటి అంచుల మీద ఎదురెదురుగా జొన్నగింజల్లాంటి గడ్డలు. పొరలు దగ్గరికి రాబోతే గింజలు అడ్డం పడుతున్నాయి.

"క్యాన్సరేమీ కాదు, భయపడకండి. అరిచి అరిచి కాయలు కాశాయి. మొదట్లోనే వచ్చుంటే రెండు నెలలు మాట తగ్గించి, కసరత్తు చేయిస్తే కరిగిపోయేవి. చాలామందికి పాట పైన తప్పినప్పుడే తెలుస్తుంది, పరుగెత్తుకొస్తారు. మీకు..." అని ఓదెలు కేసి ఒకసారి చూసి ఆగింది. "ఇప్పుడు గట్టిపడ్డాయి. ఆపరేషన్ చెయ్యాలి. మాట వస్తుంది. పాట సంగతి మాత్రం నేను మాటివ్వలేను. ఈ నిమిషం నుంచి మాట్లాడొద్దు. గుసగుస కూడా వద్దు."

కృష్ణమోహన్ తల ఊపాడు.

బయట పంజాగుట్ట చౌరస్తా హారన్లతో మోగిపోతోంది. ఫుట్‌పాత్ మీద ఇద్దరూ నిలబడ్డారు. "సారూ," అన్నాడు ఓదెలు. "మీ మొహం చిన్నబోతే చూడలేకపోయిన. గంతే సారూ. ఇంకోటి లేదు. గిట్లయితదని నాకేమెరుక?"

కృష్ణమోహన్ ఆసుపత్రి కవరు వెనక కలంతో రాసి చూపించాడు. ఓదెలుకు చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుని చదివాడు. "ఆటో పిలవండి" అని ఉంది. ఆరేళ్ళుగా 'నువ్వు' అని పిలిచిన మనిషి.

ఆటో ఆగింది. సారు ఎక్కి, మధ్యలో కూర్చున్నాడు. పక్కన చోటు లేకుండా.

*

శుక్రవారం సాయంత్రం ఓదెలు యెల్లారెడ్డిగూడలో వాళ్ళింటికి వెళ్ళాడు. సారు భార్య కమలకుమారి తలుపు తీసి, "రండి అన్నయ్య గారూ. ఆయన్ని మాత్రం మాట్లాడించకండి," అని టీ పెట్టడానికి వెళ్ళింది.

కృష్ణమోహన్ కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఓదెలు ఎదురుగా కూర్చున్నాడు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ చెప్పాడు. తప్పు కేదార్‌ది కాదు, ఆ పిల్లది అసలే కాదు, మొదట నొక్కిన వేలు తనదే అన్నాడు. చెంప పగలగొట్టినా సరే అన్నాడు. సారు విన్నాడు. విని, చూపుడువేలు గొంతు మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు.

డాక్టరమ్మ చెప్పింది కదా, అనుకున్నాడు ఓదెలు. మాట వచ్చాక తిడతాడు. బోరబండ బస్సులో నిలబడి ఇంటికి పోతూ, ఆ తిట్లు ఎలా ఉంటాయో ఒక్కొక్కటే ఊహించుకున్నాడు. వాటికి ఏమని జవాబు చెప్పాలో కూడా అనుకున్నాడు. కొంచెం తేలికైంది.

శనివారం బంజారా హిల్స్‌కు ఎవరూ పోలేదు.

ఆదివారం ముగ్గురే గదికి వచ్చారు. ఓదెలు కీబోర్డు పెట్టి, స్విచ్చి వేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికోసమూ దించాల్సిన పని లేదు. భావన సన్నగా ఏదో కూనిరాగం తీసి ఆపేసింది.

"డిసెంబర్‌లో ఆపరేషనట," అన్నాడు కేదార్. "ఈ బ్యాచ్ అయ్యాక. మధ్యలో వదిలేస్తే స్టూడెంట్సు పక్క బిల్డింగ్‌కి పోతారని ఓనర్ ఒప్పుకోలేదంట. రేపట్నుంచి మళ్ళీ క్లాసులు చెప్తున్నారు. నేనూ చెప్పి చూశా, వినలేదు."

"నీకెట్ల తెల్సు?"

"పొద్దున ఫోన్ చేశారన్నా."

ఓదెలు తల తిప్పాడు. "ఫోనా? నోటితోని మాట్లాడిండా?"

కేదార్ తీగ మీద వేలు పెట్టి నొక్కాడు కాని మీటలేదు. సారు ఓదెలుతో మాట్లాడడం లేదని అప్పుడు అర్థమైంది వాడికి.

"ఎంతసేపు?"

"అరగంట ఉంటుందన్నా."

"నాకూ చేశారు," అంది భావన నెమ్మదిగా. "బాగా తిట్టారు. 'నువ్వైనా చెప్పలేదేంటమ్మా, నీ గొంతు కూడా పాడు చేసుకున్నావు కదా నాకోసం' అన్నారు. నేను ఏడ్చేశాను. తర్వాత ఆయనే ఊరుకోమన్నారు."

"తిట్టిండా?" అన్నాడు ఓదెలు.

"ఊఁ."

"మస్తు తిట్టిండా?"

భావన తల ఊపింది. ఓదెలు ఆమె మొహం కేసి, చేతికి అందని వస్తువును చూసినట్టు చూశాడు. "నా ముచ్చట ఏమన్న తీసిండా?" అని అడిగాడు. కేదార్ గిటారును సంచిలో పెట్టి, తొందర లేకపోయినా తొందరగా జిప్పు లాగాడు.

*

సోమవారం ఏడుగంటలకు ఓదెలు దుకాణం తెరవలేదు. ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. భుజాన బ్యాగులతో కుర్రాళ్ళు, ఆడపిల్లలు అతన్ని తోసుకుంటూ పైకి పోతున్నారు. "అంకుల్, జర సైడివ్వండి." మెట్ల మలుపులో గోడల నిండా కోర్సుల కాగితాలు. రెండో అంతస్తు దాటేసరికే ఆ గొంతు వినిపించింది.

గది నిండిపోయి తలుపు దగ్గర కూడా పదిమంది నిలబడి రాసుకుంటున్నారు. ఓదెలు వాళ్ళ వెనక నిలబడ్డాడు. కృష్ణమోహన్ బోర్డు ముందు అరుస్తున్నాడు. చెక్క గోడ అవతల జావా సారు గొంతు పెంచాడు. ఈయనా పెంచాడు. ఒక్కోసారి మాట సగంలో తెగిపోయి ఉత్త గాలి వస్తోంది. నీళ్ళు తాగి, ఆ మాటే మళ్ళీ మొదటినుంచి చెబుతున్నాడు. తెగినచోటల్లా ఓదెలు కుడిచేతి బొటనవేలు దానంతటదే వంగుతోంది. నొక్కడానికి కింద ఏమీ లేదు.

అరగంట గడిచింది. ముందున్న కుర్రాడొకడు కూర్చోవడంతో దారి తెరుచుకుంది. బోర్డు నుంచి ఇటు తిరిగిన కృష్ణమోహన్ అతన్ని చూశాడు. మాట ఆగింది. నూట యాభై తలలు తలుపు వైపు తిరిగాయి.

"సారూ," అన్నాడు ఓదెలు. "ఒక్క మాట. తిట్టుండ్రి, పోత."

కృష్ణమోహన్ మార్కరు బల్ల మీద పెట్టాడు. చూపుడువేలు గొంతు మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. డాక్టరు మాట్లాడొద్దన్నారు, అన్నట్టు.

అరగంటగా ఆయన అరుపులు వింటున్న క్లాసంతా గొల్లున నవ్వింది. సారు ఎవరితోనో సరదాకి వేళాకోళం ఆడుతున్నాడనుకున్నారు. కృష్ణమోహన్ నవ్వలేదు. వేలు గొంతు మీదే ఉంచి, ఓదెలు కళ్ళలోకి చూస్తూ, నవ్వులు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.

"మంచిది సారూ," అన్నాడు ఓదెలు. "మాట్లాడకుండ్రి."

వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. గోడకు ఆనుకుని, ఒక్కొక్కరికి దారి ఇస్తూ దిగాడు. పైన పాఠం మళ్ళీ మొదలైంది.